ఇంట్లో 132, ఆస్పత్రిలో 158: ఏది మన బీపీ?

పాఠకుల ప్రశ్నలు – వైద్యుల జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బీపీ గురించే. అందుకని ఈసారి శీర్షికంతా దానికే కేటాయించాం.

*

నాకు 46 ఏళ్లు. షుగరు లేదు. ఆఫీసువాళ్లు చేయించిన చెకప్‌లో బీపీ 158/94 ఉందని డాక్టరుగారు టెల్మిసార్టాన్ 40 రాశారు. ఇంకా మొదలుపెట్టలేదు. మిషను కొనుక్కుని ఇంట్లో చూసుకుంటే 132/82 వచ్చింది. వారం రోజులు రాసిన కాగితం జతచేశాను. మిషనుతో వచ్చిన పట్టీ మీద 22–32 సెం.మీ. అని ఉంది, నా జబ్బ కొలత 36. ఎలాగో అంటుకుంటోంది కదా అని ఊరుకున్నాను. ఏ అంకెను నమ్మమంటారు?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: ప్రస్తుతానికి రెండింటినీ నమ్మకండి. మీ కాగితంలో 132/82 ఆరో రోజు రాత్రి ఒక్కసారే వచ్చింది. దాని చుట్టూ మీరు సున్నా చుట్టారు. నచ్చిన అంకె మీద కన్ను పడటం సహజమే కానీ, ఇంటి బీపీలో ఒంటరి రీడింగుకు విలువ లేదు, సగటుకే విలువ. పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి, ఏడు రోజులు చూడాలి. మొదటి రోజువి కొట్టేయాలి. కొత్త మిషను ముందు కూర్చుంటే చాలామందికి కాస్త ఎక్కువే వస్తుంది. మిగతా ఆరు రోజుల సగటు తీసుకోవాలి. బీపీ ఎక్కువ అనే గీత ఆస్పత్రిలో 140/90 అయితే ఇంట్లో 135/85. జబ్బకు మిషను కట్టి ఇంటికి పంపే 24 గంటల పరీక్షలో అది 130/80. (అమెరికావాళ్లు 2017లో ఆస్పత్రి గీతనే 130/80కి దించారు. మన దగ్గర ఎక్కువమంది డాక్టర్లు 140/90నే పట్టుకుని ఉన్నారు.)

మీ కాగితంలో పై అంకె రోజువారీ సగటులు ఇవి: 148, 138, 136, 139, 134, 133, 136. మొదటిది తీసేస్తే మిగతావాటి మొత్తం 816. ఆరుతో భాగిస్తే 136. గీత దాటారు, ఒకే ఒక్క పాయింటుతో.

మరి ఆ ఒక్క పాయింటు మీదా, పట్టీదా? జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 195 మందికి రకరకాల సైజుల పట్టీలు మార్చి మార్చి కట్టి చూసి 2023లో ఫలితాలు ప్రకటించారు. పెద్ద పట్టీ కావలసినవాళ్లకు మామూలు పట్టీ కడితే పై అంకె సగటున 4.8 పాయింట్లు ఎక్కువ చూపింది. ఇంకా పెద్దది కావలసినవాళ్లకైతే ఏకంగా 19.5. సన్నని జబ్బలవాళ్లకు ఇది తిరగబడి, 3.6 తక్కువ చూపింది. పట్టీలోని గాలి సంచి జబ్బను 80 శాతమన్నా చుట్టాలి. చుట్టకపోతే లోపలి నాళాన్ని నొక్కడానికి ఎక్కువ గాలి పట్టాల్సి వస్తుంది, మిషను ఆ గాలినే బీపీ అని చూపిస్తుంది. అలాగని 136లోంచి ఐదు తీసేసి 131 అనుకోకూడదు. 4.8 అనేది ఆ గుంపు సగటు, మీ తేడా రెండు కావచ్చు, ఎనిమిదీ కావచ్చు. మీ మిషను కంపెనీవాళ్లే అమ్మే 22–42 పట్టీ విడిగా కొని, వారం మళ్లీ మొదలుపెట్టండి. వేరే కంపెనీ పట్టీ తగిలించొద్దు. మిషను లెక్క దాని సొంత పట్టీకే కుదిర్చి ఉంటుంది.

ఈసారి కూర్చునే తీరు కూడా సరిచూసుకోండి. కాఫీ, టీ, సిగరెట్టు, నడక అయ్యాక అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపుకు ఆనుకునే కుర్చీలో, పాదాలు నేల మీద ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఊరికే అంటే ఫోను కూడా చూడకుండా. పట్టీ బట్ట మీద కాకుండా చర్మం మీదే, మోచేయి మడతకు రెండు వేళ్లు పైన కట్టాలి. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. బల్ల పొట్టిదైతే చేతికింద దిండు పెట్టండి. చాలా ఇళ్లలో తప్పేది ఇక్కడే, ఆస్పత్రుల్లోనూ ఇక్కడే. చెయ్యి ఒడిలో పెట్టుకుంటే పై అంకె సగటున 3.9, పక్కకు వేలాడేస్తే 6.5 ఎక్కువ వస్తుందని అదే జాన్స్ హాప్కిన్స్‌లో 133 మంది మీద చేసిన ఇంకో పరీక్షలో తేలింది. మొదటి రోజు రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే ఆ తర్వాత వాడండి. తేడా మాటిమాటికీ 15 దాటుతుంటే డాక్టరుకు చెప్పాలి, చేతి రక్తనాళం ఒకవైపు సన్నబడి ఉండొచ్చు.

ఇక ఆస్పత్రి 158. మెట్లెక్కి వచ్చి కూర్చోగానే, నర్సమ్మ అడిగిన వాటికి జవాబులు చెబుతుండగా, చెయ్యి ఒడిలో ఉండగా తీసిన అంకెలో ఇరవై పాయింట్లు గాలికి పోయేవే కావచ్చు. దానికి, డాక్టరును చూడగానే బీపీ పెరిగే తెల్లకోటు భయం తోడు. అయితే ఉల్టా కేసులూ ఉన్నాయి: ఆస్పత్రిలో మామూలుగా, ఇంట్లో ఎక్కువగా ఉండేవాళ్లు. వాళ్లకు ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే వాళ్లను ఎవరూ పట్టించుకోరు. 158/94 దగ్గర, ఛాతీనొప్పి, ఆయాసం, కిడ్నీ జబ్బు లాంటివి లేకపోతే, మాత్రకు ముందు రెండు వారాలు ఆగి నిర్ధారించుకోవడం తప్పు కాదు. కానీ ఆ సంగతి రాసిన డాక్టరుగారికి చెప్పి ఆగండి. సరైన పట్టీతో కూడా 135 దాటితే మాత్ర మొదలుపెట్టాల్సిందే, బేరం లేదు.

*

మా నాన్నగారికి 78 ఏళ్లు. షుగరు ఉంది. రెండు రకాల బీపీ మాత్రలతో ఆస్పత్రిలో 138/70 ఉంటోంది. డాక్టరుగారు చాలంటున్నారు. పై అంకె 120 కంటే తగ్గిస్తేనే గుండెపోటు రాదని అమెరికా పరిశోధన చెప్పిందని వాట్సాప్‌లో వచ్చింది. మందు పెంచమని అడగాలా? ఈమధ్య మంచం దిగేటప్పుడు తూలుతున్నారు.
– ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఆ పరిశోధన పేరు స్ప్రింట్, 2015లో వచ్చింది. అబద్ధం కాదు, గొప్ప పరిశోధనే. యాభై దాటిన, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న 9,361 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు 120 లోపు, రెండో గుంపుకు 140 లోపు లక్ష్యం పెట్టారు. మూడేళ్లు దాటగానే ఫలితం స్పష్టంగా కనబడి ముందే ఆపేశారు. 120 గుంపులో గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం లాంటివి పాతిక శాతం తగ్గాయి, మొత్తం మరణాలు 27 శాతం తగ్గాయి. ఈ శాతాలు పెద్దగా వినిపిస్తాయి. తలల లెక్కలో చెబితే, సుమారు 61 మందికి మూడేళ్లకు పైగా అలా వైద్యం చేస్తే ఒకరికి అలాంటి ఘటన తప్పింది. అదే 120 గుంపులో బీపీ మరీ పడిపోవడం, స్పృహ తప్పడం, సోడియం–పొటాషియం తేడాలు, కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినడం ఎక్కువయ్యాయి.

వాట్సాప్ సందేశంలో లేనిది వేరే ఉంది. స్ప్రింట్‌లో షుగరు ఉన్నవాళ్లను, అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లను, లేచి నిలబడితే పై అంకె 110 లోపు పడేవాళ్లను చేర్చుకోనేలేదు. అక్కడ బీపీ చూసిన తీరు కూడా వేరు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చాలాచోట్ల గదిలో ఎవరూ లేకుండా, మిషను తనంతట తాను మూడుసార్లు కొలిస్తే వచ్చిన సగటు అది. ఓపీ రద్దీలో తీసే అంకె దానికంటే ఎక్కువే ఉంటుంది. స్ప్రింట్ 120ని ఓపీ అంకెకు అంటగట్టి మందు పెంచుకుంటూ పోతే, ఆ మనిషి అసలు బీపీ 110 కింద ఎక్కడో తేలుతుంది.

షుగరు ఉన్నవాళ్ల సంగతికి వస్తే, 2010లో అకార్డ్ పరిశోధనలో 120 లక్ష్యంతో మొత్తం మీద తేల్చి చెప్పేంత లాభం కనబడలేదు, పక్షవాతాలు మాత్రం తగ్గాయి. 2024లో చైనాలో 12,821 మంది షుగరు రోగులతో చేసిన బీప్రోడ్‌లో 120 లక్ష్యం గుండె, మెదడు ఘటనలను 21 శాతం తగ్గించింది. కాబట్టి నాన్నగారి విషయంలో తలుపు పూర్తిగా మూసుకోలేదు. కానీ అందులో చేరినవాళ్ల సగటు వయసు 64 దాకానే. ఆయనకు 78, పైగా తూలుతున్నారు.

మందు మాట తర్వాత, ముందు నిలబెట్టి చూడండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒక రీడింగు, లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో ఒకటి, మూడో నిమిషంలో ఒకటి. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే, మందు పెంచమని అడగడం కాదు, ఈ రీడింగులు రాసిన కాగితం తీసుకెళ్లి ఏ మాత్ర తగ్గించాలో అడగండి. ప్రొస్టేట్‌కి వాడే టామ్సులోసిన్ లాంటివి, నిద్రమాత్రలు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీళ్ల మాత్రలు కూడా తూలుడుకు కారణాలే, వాటినీ చూపించండి. ఆ వయసులో పడి తుంటి ఎముక విరిగితే, 138ని 120 చేసి సంపాదించిందంతా ఒక్క పూటలో పోతుంది. తూలుడు లేకపోతే, నిలబడ్డా అంకె నిలకడగా ఉంటే, 130 దాకా మెల్లగా దించడం గురించి డాక్టరుగారితో మాట్లాడొచ్చు. ఎనభై దాటినవాళ్లకు కూడా బీపీ మందు మేలు చేస్తుందని 2008లో హైవెట్ చూపించింది, అయితే అక్కడ లక్ష్యం 150/80.

*

బీపీ మాత్ర రాత్రి వేసుకుంటేనే గుండెపోటు రాదని యూట్యూబ్‌లో ఒక డాక్టరు చెప్పారు. నేను పొద్దున వేసుకుంటున్నాను. మార్చాలా?
– ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: అక్కర్లేదు. స్పెయిన్‌నుంచి వచ్చిన ఒక పరిశోధన అలా చెప్పి పెద్ద సంచలనమైంది, దాని పద్ధతి మీద చాలా ప్రశ్నలూ వచ్చాయి. తర్వాత బ్రిటన్‌లో టైమ్ అనే పరిశోధనలో 21,104 మందిని పొద్దున గుంపు, రాత్రి గుంపుగా విడదీసి ఐదేళ్లకు పైగా గమనించారు. 2022 ఫలితం: తేడా లేదు. మీరు మర్చిపోని వేళే మంచి వేళ. నీళ్ల మాత్ర కలిసిన బిళ్లయితే పొద్దునే మేలు, లేకపోతే రాత్రంతా బాత్రూముకు తిరగాల్సొస్తుంది.

*

ఇంట్లో నలుగురం. మా మామగారికి బీపీ, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.9. ఉప్పు తగ్గించమన్నారు. ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. సైంధవ లవణం, లేదా ‘తక్కువ సోడియం’ అని రాసి ఉన్న ప్యాకెట్టు వాడొచ్చా?
– ఓ పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: ముందు ప్యాకెట్టు లెక్క వేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది, అంటే తలకొట్టిన చిన్న టీ చెంచాడు. నలుగురికి నెలకు 600 గ్రాములు. మీ ఇంట్లో కిలో ప్యాకెట్టు నెలకు ఖాళీ అవుతుంటే తలకు 8 గ్రాములు దాటినట్టే, అదీ పచ్చళ్లు, బయటి తిళ్లు కలపకుండా. ఆంధ్రప్రదేశ్‌లో మూత్రపరీక్షల ఆధారంగా చేసిన ఒక సర్వేలో రోజుకు సుమారు 9.5 గ్రాములు తేలింది. మనం అన్నం ఉప్పు లేకుండానే వండుతాం. ఉప్పంతా కూరలో, పులుసులో, పచ్చడిలో, మజ్జిగలో వస్తుంది. ఆవకాయలో కారం, ఆవపిండితో దాదాపు సమానంగా ఉప్పు పోస్తాం కదా. మానమంటే ఎవరూ మానరు, మేమూ చెప్పం. పచ్చడి ఉన్న పూట మజ్జిగలో ఉప్పు వేయొద్దు, పచ్చడి రోజుకు ఒక్క పూటే, అప్పడం అదే పూట వద్దు. ఈ మూడూ ఆచరణలో నిలుస్తాయి.

సైంధవ లవణం కూడా సోడియం క్లోరైడే. రంగు వేరు, బీపీకి తేడా లేదు.

తక్కువ సోడియం ప్యాకెట్టు వెనక సన్న అక్షరాలు చదవండి. అందులో సోడియం క్లోరైడు కొంత తీసి ఆ చోట పొటాషియం క్లోరైడు కలుపుతారు. ఆరోగ్యమైన కిడ్నీలకు ఇది మంచిదే. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21,000 మందితో చేసిన పరిశోధనలో (2021) 75 పాళ్లు సోడియం, 25 పాళ్లు పొటాషియం ఉప్పు వాడిన ఊళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కానీ ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. మామగారి క్రియాటినిన్ 1.9, కాబట్టి ఆ ప్యాకెట్టు మీ వంటింట్లోకి రానివ్వకండి. కిడ్నీ బయటికి పంపలేని పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఆయన టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి బీపీ మందులు వాడుతుంటే ముప్పు ఇంకా ఎక్కువ, అవి కూడా పొటాషియాన్ని పెంచుతాయి. ఆయనకు మామూలు ఉప్పే, కొలిచి వేయండి.

*

బీపీకి ఆమ్లోడిపిన్ 10 మొదలుపెట్టిన నెలకు రెండు కాళ్ల మడమలూ పొంగాయి. నీళ్ల మాత్ర రాశారు. రెండు వారాలైనా పొంగు తగ్గలేదు.
– ఓ పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: తగ్గదు కూడా. ఆ పొంగు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చింది కాదు. ఆమ్లోడిపిన్ సన్న ధమనులను వదులు చేస్తుంది, సిరలను అంతగా చేయదు. దాంతో పాదాల దగ్గర కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. నీళ్ల మాత్ర మూత్రాన్ని లాగుతుంది, ఆ ఊటను ఆపదు. మందు చేసిన పనికి ఇంకో మందు, ఆ రెండోదానికి పొటాషియం తగ్గి మూడోది, ఇలా గొలుసు పెరుగుతుంది. డోసు 5కి దించి, టెల్మిసార్టాన్ లాంటిది కలిపితే సిరలు కూడా వదులై పొంగు దిగే అవకాశం ఎక్కువ. బీపీ కూడా బాగానే దిగుతుంది: ఒకే మందును రెట్టింపు చేయడం కంటే, రెండు మూడు మందులు చిన్న డోసుల్లో కలపడమే మేలని ఇప్పుడు దాదాపు అందరి మాట. శ్రీలంకలో 700 మందితో చేసిన ట్రయంఫ్ (2018) పరిశోధనలో టెల్మిసార్టాన్ 20, ఆమ్లోడిపిన్ 2.5, క్లోర్‌థాలిడోన్ (నీళ్ల మాత్ర) 12.5 కలిసిన ఒకే బిళ్లతో ఆరు నెలలకు 70 శాతం మంది లక్ష్యం చేరారు, మామూలు వైద్యంతో 55 శాతం.

ఒక్క కాలే పొంగి నొప్పిగా ఉంటే మాత్రం ఆమ్లోడిపిన్ మీద తోసేయొద్దు, రక్తం గడ్డ కావచ్చు. పొంగుతోపాటు పడుకుంటే ఆయాసం వస్తుంటే గుండెను చూపించుకోవాలి.

*

అమ్మకు 62. టెల్మిసార్టాన్, నీళ్ల మాత్ర కలిసిన బిళ్లతో మూడేళ్లు 130 దాటలేదు. రెండు నెలలుగా 160 ఉంటోంది. మందు పనిచేయడం మానేసిందా?
– ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ ఉత్తరం చివర్లో ఉన్న ఒక్క వాక్యంలో జవాబు ఉంది: ‘మోకాళ్ల నొప్పులకు షాపులో ఇచ్చిన బిళ్లలు, దగ్గుకు అతిమధురం కషాయం తప్ప వేరే ఏమీ వాడటం లేదు.’ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ జాతి నొప్పి బిళ్లలు కిడ్నీలో ఉప్పును, నీటిని నిలిపి ఉంచుతాయి, టెల్మిసార్టాన్ పనికి అడ్డం పడతాయి. అంతకంటే భయపడాల్సింది, టెల్మిసార్టాన్, నీళ్ల మాత్ర, నొప్పి బిళ్ల – ఈ మూడూ ఒకేసారి పడితే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోతుంది. ఎండాకాలం విరేచనాలు తోడైతే రెండు రోజుల్లో క్రియాటినిన్ ఎగబాకుతుంది. నొప్పి బిళ్లలు ఆపి, వారంలో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించండి. మోకాలికి పైపూత జెల్ రాసుకోవచ్చు, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. పారాసిటమాల్ అవసరమైనప్పుడే. రోజుకు 4 గ్రాముల చొప్పున రెండు వారాలు వాడితే అది కూడా పై అంకెను ఐదు పాయింట్ల దాకా పెంచుతుందని ఎడిన్‌బరోలో 110 మంది బీపీ రోగుల మీద చేసిన పరీక్షలో (2022) తేలింది.

అతిమధురం మానాలి. ఇంటి మందే కదా అనుకుంటాం గానీ, రోజూ తాగితే ఉప్పును నిలిపి పొటాషియాన్ని బయటికి పంపుతుంది. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే బిళ్లలు, గ్యాస్‌కి తాగే సోడా పొడుల్లోనూ సోడియం దండిగా ఉంటుంది. జలుబు బిళ్లల్లో ముక్కు దిబ్బడ తగ్గించే మందు కూడా బీపీని పెంచేదే.

*

మొన్న రాత్రి మెడ లాగుతుంటే చూస్తే 196/108. ఊళ్లో ఆర్ఎంపీ నాలుక కింద ఒక బిళ్ల పెట్టాడు. అరగంటలో 130 అయింది కానీ కళ్లు తిరిగి పడిపోయాను. ఇది సరైనదేనా?
– ఓ పాఠకుడు, మదనపల్లె

జవాబు: కాదు. అది నిఫెడిపిన్ అయి ఉంటుంది. బీపీని ఎంతకు దించుతుందో, ఎంత వేగంగా దించుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఎన్నో ఏళ్లుగా 190కి అలవాటుపడ్డ మెదడుకు ఒక్కసారిగా 130 ఇస్తే రక్తం చాలక పక్షవాతం, గుండెపోటు వచ్చిన సందర్భాలను పోగుచేసి, ఈ పద్ధతి ఆపేయాలని 1996లోనే అమెరికా వైద్య సంఘం పత్రికలో రాశారు. మన ఊళ్లలో ఇంకా ఆగలేదు.

మెడ లాగడం బీపీ గుర్తు కాదు. ఉల్టా, నొప్పి, భయం బీపీని పెంచుతాయి. చాలామందికి బీపీ ఏ గుర్తూ చూపదు. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో ఏడాదిలో జరిగిన మరణాలను ఇంటింటికీ వెళ్లి ఆరా తీస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. మెడ లాగే దాకా ఆగితే ఆ లెక్క మారదు.

మళ్లీ అలాంటి అంకె వస్తే ఐదు నిమిషాలు కూర్చుని ఇంకోసారి చూడండి. ఆ రోజు మాత్ర మర్చిపోయి ఉంటే వేసుకోండి, రెండు వేసుకోవద్దు. ఏ బాధా లేకపోతే రాత్రికి రాత్రి దించాల్సిన పని లేదు, మర్నాడు డాక్టరును కలవండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ మాత్రలు ఉచితంగా ఇస్తారు.

అదే 180/120 దాటి, ఛాతీనొప్పి, ఆయాసం, మాట ముద్దగా రావడం, ముఖం ఒకవైపు జారడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, చూపు మసకబారడం, మగతలో ఏదైనా ఉంటే నాలుక కింద ఏదీ పెట్టకుండా 108కి ఫోన్ చేయండి. పక్షవాతం లక్షణాలైతే, మనిషి చివరిసారి మామూలుగా ఉన్న టైము కాగితం మీద రాసి జేబులో పెట్టండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉండే నాలుగున్నర గంటలను ఆస్పత్రివాళ్లు ఆ టైమునుంచే లెక్కపెడతారు.